నలభై ఏడో నంబరు కాళ్లు

మా కొట్టుకొచ్చే జనంలో సగంమంది దొంగలు, మిగతా సగం అబద్ధాలకోరులు. ఈ మాట మా మేనేజరు కోస్మిన్ మొహం మీదే అన్నాను, అతను కాదనలేదు. క్రయోవా ఊరి బయట, పెద్ద రోడ్డు పక్కన, ఆటల బట్టలూ బూట్లూ తగ్గింపు ధరకి అమ్మే కొట్టు మాది. ఊళ్లో పెద్ద షాపుల్లో అమ్ముడుపోక మిగిలినవన్నీ మా నెత్తిన పడతాయి. నెలంతా తొడుక్కుని తిరిగి, అడుగున బురద గీరేసి తెచ్చి, "ఒక్కసారి కూడా వెయ్యలేదక్కా, బిగుతుగా ఉన్నాయి" అని కళ్లలోకి చూసి మరీ చెప్తారు. ఒక పెట్టె మీద ధర చీటీ పీకి ఇంకో పెట్టె మీద అంటిస్తారు. ఓసారి సగం ధర బోర్డు కింద ఇద్దరు ఆడవాళ్లు ఒకే ట్రాక్ ప్యాంటు చెరో కాలూ పట్టుకుని లాక్కోవడం చూశాను. అలాంటి చోట కొత్త బూట్లు ఊరికే ఇస్తానంటే పుచ్చుకునే మనిషి దొరకడని ఎవరైనా చెప్తే నవ్వేదాన్ని.

ఆ శనివారం స్టాంకా పిన్ని మొదటి బస్సుకే వచ్చింది. ఆవిడ నాకు తెలుసు. ఏడాదికోసారి కొడుకు రెముస్‌ని వెంటబెట్టుకుని పల్లె నుంచి వచ్చేది. ఆ అబ్బాయి గుమ్మంలో తల వంచి నడిచేంత పొడుగు, కాళ్లు నలభై ఏడో నంబరు. అంత పెద్ద సైజు ఇంకెక్కడా దొరకదు, కొనేవాడు లేక మా దగ్గర మూలన పడుంటుంది. ఈసారి ఆవిడ ఒక్కతే వచ్చింది. తలకి నల్ల గుడ్డ కట్టుకుని ఉంది.

"పోయాడే," అంది నేనడక్కముందే. "కిడ్నీలు పాడైపోయాయి. ఆఖర్లో కాళ్లు ఎంత వాచాయంటే ఏ బూటూ ఎక్కలేదు. ఎంత తోసినా ఎక్కలేదు. సాక్సులతోనే మట్టి చేశాం."

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి చల్లగా ఉంది.

"రేపు నలభయ్యో రోజు," అంది. "పొమానా ఇవ్వాలి."

పోయినవాళ్ల పేరున మేమిచ్చే దానం అది. కొత్త బట్టలో, బూట్లో ఎవరికైనా ఇస్తాం. పుచ్చుకున్నవాడు దేవుడు వాణ్ణి చల్లగా చూడాలని ఒక్క మాట అని, వాటిని వేసుకోవాలి. ఇక్కడ వీడు వేసుకుని తిరిగితే అక్కడ వాడికి అందుతుంది. మా అమ్మ అలాగే నమ్మేది, నేనూ అంతే.

"ఎవరికిచ్చినా ఒకటే అన్నారు ఫాదర్‌గారు. ఆయనకేం, చెప్తారు. మా ఊళ్లో మిగిలింది ముసలాళ్లు. ఈ బూట్లిస్తే చూరుకి వేలాడదీస్తారు. ఎవరూ తొడగని బూట్లు నా కొడుక్కి ఎలా అందుతాయే? వాడి ఈడువాళ్లంతా ఇటలీలో ఉన్నారు. పెద్ద కాళ్లవాళ్లు మీ కొట్టుకే కదా వస్తారని బయల్దేరాను."

మూలకెళ్లి ఒక్కో జతా తీసి, అడుగు వంచి చూసి, లోపల పిడికిలితో నొక్కి చూసింది. అన్నిటికంటే మందపాటి అడుగు ఉన్నది తీసుకుంది. "నడవాల్సింది చాలా ఉంటుంది కదా," అంది. బిల్లు కట్టి, ఆ పెట్టె ఒళ్లో పెట్టుకుని పెద్ద సైజుల అరల ముందున్న బల్ల మీద కూర్చుంది.

మొదట లారీ డ్రైవర్ లాంటివాడొకడు వచ్చాడు. ఊరికే అనగానే మొహం వెలిగింది. "దీన్లో తిరకాసేంటి పిన్నీ?" అని నవ్వాడు. సంగతి విన్నాక, తాను కొనడానికి తీసుకున్న జత కూడా అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. తర్వాత ఒక జంట. కుర్రాడు చెయ్యి చాపబోయాడు, పక్కనున్న పిల్ల ఆ చెయ్యి లాగేసింది.

"వచ్చే నెల మా పెళ్లి. చచ్చినవాడి బూట్లు తొడుక్కొస్తాడా?"

"చచ్చినవాడివి కావమ్మా, ఇందాకే కొన్నాను. కొత్తవి."

"ఆయన కోసమే కదా కొన్నారు," అంది ఆ పిల్ల. గొంతులో కోపం లేదు, భయమే ఉంది.

కాలేజీ కుర్రాడొకడు మాత్రం, "ఇంకా ఇవన్నీ నమ్ముతున్నారా అమ్మమ్మా?" అన్నాడు జాలిగా.

నాకు ఒళ్లు మండింది. "నువ్వు నమ్మవుగా బాబూ, నీకింక భయమేంటి? తీసుకో."

"నాది నలభై ఆరక్కా," అని నసిగాడు. అప్పుడే నలభై ఏడు వేసి చూసుకుని బావున్నాయన్నవాడు. చెంప పగలగొడదామనిపించింది.

మధ్యాహ్నానికి కోస్మిన్ నా దగ్గరికొచ్చాడు. "ఆవిడ గిరాకీని తరిమేస్తోంది. బయటికి పంపెయ్."

"నువ్వే పంపు."

"నావల్ల కాదు. మా అమ్మ గుర్తొస్తోంది."

"నీ కాళ్లెంత?"

"నలభై ఒకటి."

"ఎందుకూ పనికిరావు నువ్వు," అన్నాను. అతను కాఫీ తెచ్చి ఆవిడ పక్కన పెట్టి వెళ్లాడు. ఆవిడ తాగలేదు.

సాయంత్రం ఆఖరి బస్సు వేళకి ఒకడొచ్చాడు. మంచి పొడగరి. బూటు అడుగు ఊడి, నడుస్తుంటే టపటపమంటోంది. ధరలు చూస్తూ, తీసినవి తీసినట్టే పెట్టేస్తున్నాడు. స్టాంకా పిన్ని లేచి వెళ్లి అన్నీ చెప్పింది. వాడు తల వంచుకుని విన్నాడు.

"ఏం పేరు?" అన్నాడు.

"రెముస్."

"దేవుడు రెముస్‌ని చల్లగా చూడాలి," అన్నాడు వాడు మెల్లగా.

ఆవిడే కింద కూర్చుని బూట్లు తొడిగింది, లేసులు కట్టింది. ముందు నొక్కి బొటనవేలు ఎక్కడుందో చూసుకుంది. "నడు నాయనా," అంది. వాడు గోడ దాకా నడిచి వెనక్కొచ్చాడు. వాడి మొహం వైపు చూడలేదావిడ, కాళ్లే చూసింది. పొద్దుటి నుంచీ ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. వాడు పాత బూట్లు ఖాళీ పెట్టెలో వేసి, చంకలో పెట్టుకుని వెళ్లాడు.

అద్దంలోంచి ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. కార్లు నిలిపే స్థలం చివర చెత్తకుండీ దగ్గర ఆగాడు. పాతవి పారేస్తాడనుకున్నాను. వాడు గట్టు మీద కూర్చున్నాడు. లేసులు విప్పాడు. పాత బూట్లు తొడుక్కున్నాడు. కొత్తవి పెట్టెలో సర్ది, మూత పెట్టి, కుండీలో వెయ్యకుండా దాని పక్కన జాగ్రత్తగా పెట్టాడు. మూడుసార్లు శిలువ గుర్తు వేసుకుని గబగబా వెళ్లిపోయాడు. వాణ్ణి తిట్టలేకపోయాను. ఆ తల్లి మొహం చూస్తూ వద్దనలేకపోయాడు, అంతే.

స్టాంకా పిన్నిని ఆపుదామనుకునేలోపే ఆవిడ బయటికి వెళ్లి పెట్టె తెచ్చుకుంది. మళ్లీ ఆ బల్ల మీదే కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. రోడ్డు మీద బస్సు హారన్ కొడుతోంది.

"ఇక్కణ్ణించి ఆ కుండీ దాకా వేసుకునే నడిచాడు కదే?" అంది.

"నడిచాడు పిన్నీ."

"ఆ కాస్త అందుతుంది కదా వాడికి?"

"అందుతుంది."

ఆవిడ పెట్టె మూత మీద చెయ్యి వేసి నిమిరింది.

"మరి అక్కణ్ణించి ఎలా నడుస్తాడే?" అంది.