నోడుకు మస్టర్లు

నా బావమరిది ఉపేందర్ మంచిర్యాలలో చల్లగా కూర్చున్నాడు. మునిగింది మాత్రం గోదావరిఖనిలో నేను.

నేను ఏడో తరగతితో చదువు ఆపి బొగ్గు బాయిలో దిగినవాణ్ణి. ఉపేందర్ ఒక చిన్న కంప్యూటర్ డబ్బా తెచ్చి మా క్వార్టర్‌లో పెట్టాడు. దాన్ని నోడు అంటారట. ఏదో క్రిప్టో నాణెం లెక్కలు సరిచూస్తుందట. ముందు డిపాజిట్ కట్టాలి. డబ్బా హాజరుగా ఉంటే వడ్డీలాగా నాణేలు, లేకపోతే డిపాజిట్‌లో కోత. పాతికేళ్లు ఓవర్‌టైం చేసి వెనకేసింది కట్టాను.

మా వరసలో మూడు క్వార్టర్లకు ఒకటే నెట్టు. నెలకు ఇంత డేటా అని లెక్క. డబ్బా పదో తారీఖుకే అంతా తాగేసింది. పక్కింటి పూలమ్మ గుమ్మం ముందుకొచ్చింది.

“ఏందన్నా, నీ డబ్బకు గంత దూపేంది? మా బిడ్డ హర్షిణి కోచింగ్ పాఠం ఫోన్ల గిర్రగిర్ర తిరుగుడే. తీగె కోసి పారేస్త సూడు!”

ఉపేందర్‌కు ఫోన్ చేశాను.

“డేటా తగ్గియ్యి బావ, గంతే.”

“ఎట్ల తగ్గియ్యాలెరా?”

“తర్వాత చెప్త. పనిల ఉన్న.”

వారం చూశాను. చెప్పలేదు. నాకు తెలిసిన పద్ధతి ఒకటే. బాయిలో షిఫ్టు మొదట్లో మస్టర్ పడిందంటే ఆ రోజు హాజరైనట్టే. ఆ తర్వాత ఏ మూలన కునుకు తీసినా జీతం కోయరు. డబ్బాకూ అదే పెట్టాను. డ్యూటీకి పోయే ముందు ఒక గంట నడపడం, ఆపేయడం. ఆదివారం పూర్తిగా సెలవు. డేటా నెలాఖరు దాకా వచ్చింది. పూలమ్మ సర్వపిండి పంపింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రెండు నెలలకు ఉపేందర్ వచ్చి డబ్బా తెర చూశాడు. మొహం మాడిపోయింది.

“బంద్ పెట్టినవా బావ?”

“రోజూ మస్టర్ పడ్డది కదరా!”

“మస్టరేంది, నా తలకాయ! గిది గడియగడియకు హాజరడుగుతది. యాభై నోడ్లతోని మాట్లాడేదాన్ని పదింటితోని మాట్లాడేటట్టు పెట్టాలె. బయటికి పంపే డేటాకు హద్దు పెట్టాలె. బంద్ పెడ్తరా ఎవలన్న?”

“గది గప్పుడే చెప్పద్దా?”

“నువ్వు మళ్ల అడుగలే.”

కోత మీద కోత పడి, చివరికి డబ్బా నోడ్ల జాబితాలోంచే బయటికి పోయిందట. బాయిలో మస్టర్ కోస్తే క్లర్కు మీద పడి అరుస్తాం, యూనియన్ ఆఫీసు మెట్ల మీద కూర్చుంటాం. దీని ఆఫీసు ఎక్కడరా అని అడిగాను. ఆఫీసు లేదట. మేనేజరు లేడట. రూలే తనంతట తాను కోత వేస్తుందట. దరఖాస్తు ఎవరికి రాయాలి?

పోయింది మూడు లక్షల డెబ్బై రెండు వేల నాలుగు వందల రూపాయలు.