నడుమెత్తు

పడవ మోటార్లు బాగుచేసే బావ వరండాలో చక్రాల కుర్చీకి అతుక్కుపోయి హుకుంలు జారీ చేస్తుంటే, వడ్రంగి బామ్మర్ది పెరట్లో చెక్కలు కోస్తున్నాడు. మోటారు తగిలించి పని చేసుకోవడానికి ఒక స్టాండు కావాలి. ఇన్నాళ్లూ బావ నేలమీద గోనెపట్టా పరిచి, మోటారును పడుకోబెట్టి, దానిమీద గద్దలా వంగి పని చేసేవాడు. ఒకరోజు మోటారును భుజానికెత్తుకుని ఒడ్డెక్కుతూ పాచి మీద కాలు జారి వెల్లకిలా పడ్డాడు. అప్పట్నుంచి నడుం కింద కాళ్లున్న సంగతే ఒంటికి తెలియడం లేదు.

"లేచాక ఇక వంగి చావను. దొరలా నిలబడి చేస్తా. నా నడుమెత్తు పెట్టు," అన్నాడు బావ. అతనిచ్చిన కొలత అదొక్కటే.

ఇక లేవడని అక్కకూ తమ్ముడికీ తెలుసు. ఆసుపత్రిలో డాక్టరు ఇద్దరినీ పక్కకు పిలిచి చెప్పాడు. లేస్తానన్న ఆశ మీదే తన మొగుడు నాలుగు ముద్దలు తింటున్నాడనీ, నోరు జారితే మళ్లీ తన మొహం చూడొద్దనీ అక్క తమ్ముడి చేత ఒట్టేయించుకుంది. అందుకే తమ్ముడు పొద్దుట్నుంచీ పని మాట తప్ప వేరే మాట ఎత్తలేదు.

నోరైతే జారలేదు.

వడ్రంగి జేబులో టేపు ఉంటుంది గానీ, మనుషులు వాడుకునే సామానుకు దాన్ని బయటికి తీయడు. మనిషిని ఎగాదిగా ఓ చూపు చూస్తాడు, అంతే. బల్లయినా పీటయినా వాళ్లకే పుట్టినట్టు అమరుతుంది. ఇప్పుడూ అలాగే తలెత్తి వరండాకేసి చూసి, స్టాండు కాళ్లు నాలుగూ కోసేశాడు. జతలుగా చాపి నిలబెట్టి, పైన మందపాటి అడ్డపలక వేసి బోల్టులు బిగించాడు.

"గట్టిగా బిగించరా. మా పెళ్లికి నువ్వు చేసిన మంచం విరిగి మీ అక్క కింద పడింది. అదంటే ఏడ్చి ఊరుకుంది, మోటారు పడితే ఏడవాల్సింది నేను," అన్నాడు బావ.

అక్క కూడా నవ్వింది. తమ్ముడూ తనూ చెరోవైపు పట్టి మోటారును పలకకు తగిలించబోయారు. పలక మీద కూర్చోకముందే కింద పొడుగు కాడ చివరున్న, నీళ్లను తోసే పంకా నేలకు తగిలి, మోటారు పక్కకు ఒరిగిపోయింది.

"ఇంత పొట్టిదేంట్రా? నా నడుమెత్తన్నానుగా."

"నడుమెత్తే పెట్టాను బావా. కావాలంటే చూసుకో," అన్నాడు బామ్మర్ది. తన చేతిపనికి ఎవరన్నా వంక పెడితే అతనికి ఒళ్లు తెలీదు. గబగబా వెళ్లి కుర్చీని తోసుకొచ్చి స్టాండు పక్కన ఆపాడు.

పలక సరిగ్గా బావ నడుం దగ్గర ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు.

అప్పటికి గానీ తన కళ్లు ఏ మనిషిని కొలిచాయో అతనికి అర్థం కాలేదు. చెక్క మిగిలిందనీ, టేపు పెట్టి మళ్లీ చేస్తాననీ ఏదేదో గొణిగాడు. అక్క మోటారు మీద లేని మసిని తుడుస్తోంది.

బావ పలక మీద అరచెయ్యి ఆనించి, అటు చివరనుంచి ఇటు చివరదాకా నిమిరాడు.

"నీకెప్పుడు తెలిసిందే?" అన్నాడు పెళ్లాంతో.

"ఆసుపత్రిలోనే."

బావ బామ్మర్దికేసి తిరిగి, "కాళ్లు మార్చకు. గునపం తెచ్చి పంకా కింద గొయ్యి తియ్యి," అన్నాడు.

బామ్మర్ది తవ్వుతుంటే ఇంకాస్త, ఇంకాస్త అంటూ లోతు చెబుతూ వచ్చాడు బావ. ఈసారి మోటారు పలక మీద కుదురుగా కూర్చుంది. పంకా గోతిలో నేలకు తగలకుండా వేలాడింది. బావ దాన్ని తిప్పి చూద్దామని కుర్చీలోంచి ఒరిగి చెయ్యి చాచాడు. అందలేదు.

"నువ్వు తిప్పు," అన్నాడు.

ఆమె గొయ్యి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి దించి పంకా తిప్పింది. అతను మోటారు మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని, లోపలి పళ్లచక్రాల చప్పుడు వింటున్నాడు. చాలని అతను అనలేదు. ఆమె తిప్పుతూనే ఉంది.