మొదటి నీళ్లు

జూన్‌లో కాలువకి నీళ్లు వదులుతున్నారంటే మా వైపు చేపల చెరువుల వాళ్లు పెళ్లివారి బస్సు కోసం చూసినట్టు చూస్తారు. రెండువేల ఒకటిలో ఆ నీళ్లు ఇంకొన్నాళ్లు రాకుండా ఉంటే బాగుండునని కోరుకున్నవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

గుడివాడ నుంచి ముదినేపల్లి వెళ్లే రోడ్డులో, ఊరు దాటాక, కాలువ నుంచి చెరువులకి నీళ్లు తెచ్చే బోదె గట్టున మా ఫ్యాక్టరీ. పేరుకి ఫ్యాక్టరీ, ఉన్నది రేకుల షెడ్డు. బందరు నుంచి ఖలీల్ వ్యాను నిండా పాత ప్లాస్టిక్ తెచ్చేవాడు. విరిగిన కుర్చీలు, నూనె డబ్బాలు, వాటితో పాటు దివిసీమ పొలాల్లో పారేసిన పురుగుమందు డబ్బాలు. ఆడవాళ్లు తొట్లలో కడిగేవాళ్లు. ఒక మిషను వాటిని ముక్కలు చేస్తే, ఆ ముక్కల్ని కరిగించే మిషను నాది. కరిగిన ప్లాస్టిక్ సేమ్యాలా పొడుగ్గా బయటికొచ్చి, నీళ్లలో చల్లారి, కత్తుల కింద గింజలయ్యేది. దాన్ని దాణా అంటాం. దాణాతో నల్లగొట్టాలు పోస్తారు. పొలంలో పారేసిన డబ్బా గొట్టమై మళ్లీ పొలానికే వెళ్తుంది. ఏడో తరగతిలో బడి మానేసిన నాకు మొదట్లో ఇదో గొప్ప విద్యలా కనిపించింది.

పర్యావరణ దినోత్సవమని ఆ నెల మొదట్లో రేవతి గారనే లెక్చరర్ తన కాలేజీ పిల్లల్ని తీసుకొచ్చారు.

"మేం లేకపోతే ఈ చెత్తంతా కాలువలో తేలేదమ్మా," అన్నారు మా ఓనరు జగన్మోహనరావు గారు.

అది అబద్ధం కాదు. అబద్ధమే అయితే నాకింత మంట ఉండేది కాదు.

"మరి కడిగిన నీళ్లెక్కడికి వెళ్తాయండీ?" అని అడిగారావిడ.

"వెనక గుంటలో నిలవ పెడతాం. బోదెలోకి చుక్క వదలం."

అదీ నిజమే, ఆ రోజుకి. పిల్లలు చప్పట్లు కొట్టి, బస్సెక్కి వెళ్లిపోయారు. గుంట దగ్గరికి ఎవరూ రాలేదు. వచ్చుంటే చూసేవాళ్లు. వేసవంతా మందు డబ్బాలు కడిగిన నీళ్లు అందులో విరిగిన పాలలా, నీలంగా నిలిచి ఉన్నాయి. చుట్టూ గడ్డి కూడా మొలవలేదు.

కాలువ వదిలే ముందురోజు ఓనరు గారు పారలు తెప్పించి, సాయంత్రానికి గుంట గట్టు తెగ్గొట్టమన్నారు. నేను మిషను ఆపి ఆయన దగ్గరికి వెళ్లాను.

"మా బావమరిది చెరువు ఈ బోదె మీదేనండి. మొదటి తూము వాడిదే."

"ఎండాకాలమంతా ఎందుకు ఆపాననుకున్నావ్ ఏసుపాదం? మీ వాళ్ల కోసమే. నీళ్లు లేనప్పుడు వదిలితే విషం. ఇప్పుడు బోలెడన్ని నీళ్లొస్తాయి, కలిసిపోయి సముద్రంలోకి పోద్ది."

"పోనీ బోదె పారటం మొదలెట్టాక వదలండి."

"ఈలోపు వానొస్తే గుంట పొంగి షెడ్డులోకొచ్చిద్ది. మిషను తడిస్తే నీకు పనుండదు, నాకు షెడ్డుండదు. వెళ్లు, టీ తాగిరా."

కోపంగా అనలేదు. చెడ్డవాడైతే తిట్టుకునైనా బతికేవాణ్ణి. ఆయన లెక్కేసుకున్నది పెద్ద కాలువ నీళ్లని. బోదెలోకి నీళ్లు ఒక్కసారిగా రావు. ముందు సన్నగా, నాలుకలా, అడుగున పడున్నదంతా తోసుకుంటూ వస్తాయి. ఆ నాలుక ముందు తాకేది మా బావమరిది భూషణం తూమునే.

భూషణం మా ఆవిడ రత్నం తమ్ముడు. చెరువు కౌలుకి తీసుకుని చేప వేశాడు. ఇంకో నెలాగితే పట్టుబడికి వస్తుంది. నేను వెళ్లేసరికి గట్టు మీద గొడుగేసుకుని కూర్చున్నాడు.

"ఏంటి బావా, కాలిన బకెట్టు వాసనేస్తా వచ్చావ్? అక్క తరిమేసిందా?"

సంగతి చెప్పాను. నవ్వటం మానేశాడు.

"అయితే రేపు తూము తియ్యను. ఎల్లుండి తీస్తా."

"వంతు తప్పితే?"

మా బోదె మీద ఎవరి వంతుకి వాళ్లు తీసుకోవాలి. తప్పితే కింద చివరి చెరువు నిండేదాకా ఆగాలి. అతని చెరువులో చూస్తే మోకాలి లోతు నీళ్లు. బోరు వేస్తే ఉప్పు. తెల్లారేసరికి చేప ఊపిరాడక పైకొచ్చి నోళ్లు తెరుస్తోందని, తనూ పెళ్లామూ వెదుళ్లతో నీళ్లు కొట్టి కాపాడుకుంటున్నామని చెప్పాడు.

పక్క చెరువు మల్లికార్జునరావు గారు అటుగా వస్తుంటే భూషణం లేచాడు.

"బాబుగారూ, రేపు మీరు ముందు తీసుకుంటారా? మీ వంతుకి నేను తీసుకుంటా."

ఆయన పగలబడి నవ్వారు. "వంతు వదులుకునేవాణ్ణి నా జన్మలో చూళ్లేదురా. చెరువడుగున లంకెబిందెలేమన్నా దొరికినియ్యా? నీళ్లు పెడితే మునిగిపోతాయనా?"

భూషణం నా వైపు చూశాడు. సంగతి చెబితే ఆయన ఒప్పుకోరు. చెప్పకపోతే చచ్చేది ఆయన చేప.

"ఏం లేదండి. ఊరికే అడిగా."

ఆయన నవ్వుకుంటూ వెళ్లిపోయారు. ఏ ఆఫీసుకి వెళ్లి ఎవరికి చెప్పుకోవాలో మా ఇద్దరికీ తెలియలేదు. కాలువ చూసేవాళ్లకి ప్లాస్టిక్ పట్టదు, చేపలు చూసేవాళ్లకి కాలువ పట్టదు. నేను తిరిగొచ్చేసరికే గుంట గట్టు తెగి ఉంది.

మర్నాడు తెల్లవారుజామునే చెరువు దగ్గరికి వెళ్లాను. గాలి లేదు. చెరువు మీద ఎటు చూసినా చేపల నోళ్లే. భూషణం పెళ్లాం వెదురుతో నీళ్లు కొడుతోంది. ఆమె జబ్బలు పడిపోతున్నాయి. బోదెలో నీళ్లు వచ్చాయి. ముందు ఎండుగడ్డి, దాని వెనక నీలం నురగ. నురగ వచ్చి తూము పలకకి ఆనుకుని ఆగింది.

"తియ్యవయ్యా, కిందోళ్లు ఎదురుచూస్తన్నారు," అని గట్టు మీంచి కేకేశాడు వంతులు చూసే లస్కరు. "నీకొద్దంటే చెప్పు, తర్వాతోళ్లకి వదిలేస్తా."

"బావా, ఏం చెయ్యమంటావ్?" అన్నాడు భూషణం.



అతను చెరువు వైపు చూశాడు, నురగ వైపు చూశాడు. "ఊపిరాడక చస్తన్నాయని కళ్లముందే కనబడతంది. ఆ నీళ్లు తాగి చస్తాయో లేదో తెలీదుగా."

పలక వేసవిలో ఎండి బిగిసిపోయింది. ఒక్కడి వల్ల లేవలేదు.

"ఓ చెయ్యెయ్యి బావా."

వేశాను. ఇద్దరం కలిసి లాగితే పలక పైకొచ్చింది. నీళ్లు చప్పుడు చేస్తూ చెరువులోకి దూకాయి.

కొత్త నీళ్ల చప్పుడంటే చేపకి పండగ. అంతవరకూ కదల్లేక నోళ్లు తెరిచినవి ఒక్కసారిగా ఇటు తిరిగాయి. చెరువంతా గీతలు గీతలుగా చీలింది. ఒకదాని మీదొకటి ఎగబడుతూ తూము మొదట్లోకి, ఆ నురగలోకి వచ్చేస్తున్నాయి. భూషణం లుంగీ ఎగ్గట్టి లోపలికి దూకాడు. "వెనక్కెళ్లండి, వెనక్కి," అంటూ రెండు చేతులతో నీళ్లు కొట్టి వాటిని తోలుతున్నాడు. అవి అతని కాళ్ల సందుల్లోంచి దూరి ఎదురెక్కుతూనే ఉన్నాయి.