ఆటపిడికి పూసిన గంధం

డాక్టరు చెప్పింది ఒకే ఒక్క పని. మణికట్టును కుడికీ ఎడమకూ తిప్పుతూ ఉండమన్నాడు, సీసా మూత తిప్పినా చాలన్నాడు. మా ఆయన మునిశేఖర్‌కు అది నామోషీ. ఇన్నేళ్లు తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు నడిపిన మనిషి సీసా మూతలు తిప్పుతూ కూర్చోవాలా అని పంతం. బాత్రూములో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పి చాలా రోజులైనా చెయ్యి బిగుసుకుపోయే ఉంది. దీపావళి లోపల డిపోవాళ్లు ఆ చేతిని పరీక్షిస్తారు. బాగుంటే మళ్లీ స్టీరింగు, లేకుంటే ఆఫీసులో ఏదో ఒక మూల కుర్చీ. కుర్చీలో కూర్చుని వచ్చే మునిశేఖర్‌తో వేగడం నా వల్ల అయ్యే పని కాదు.

చివరికి ఆయనే అటక మీద నుంచి పాత వీడియో గేము పెట్టె దించాడు. నా చిన్నప్పుడు మా అన్న మద్రాసు బర్మా బజారులో కొన్నది. దాని పిడి ఒకటే, పనులు రెండు. పిడిని అటూ ఇటూ వంచితే కొన్ని ఆటల్లో బొమ్మ నడుస్తుంది. ఇటుకల ఆటలో మాత్రం పిడిని వంచకుండా, దాని గుండ్రటి తలను తిప్పాలి. అప్పుడు తెర అడుగున ఒక పలక పక్కలకు జరుగుతుంది. ఆ పలకతో బంతిని కొట్టి పైనున్న ఇటుకలు పగలగొట్టాలి. పిడి ఎడమకు వంగిందా, బంతిని వదిలే మీట నొక్కినట్టే లెక్క, పలకను సర్దుకునే లోపలే బంతి బయలుదేరిపోతుంది.

వంచకుండా తిప్పడం ఆయనకు చేతనైతే కదా! ఘాట్ మలుపుల్లో బస్సుతో పాటు ఒళ్లంతా వాల్చే అలవాటు. పలక ఎడమకు పోవాలంటే మనిషీ ఎడమకు వాలతాడు, పిడీ వాలుతుంది, బంతి తుర్రుమంటుంది. ఇది మలుపు కాదు, నిటారుగా కూర్చోమని అరిచి అరిచి నా గొంతు పోయింది. చెయ్యి తిరుగుతోంది కదా అని మాత్రం ఓర్చుకున్నాను.

ఆయుధపూజ వచ్చింది. ఏటా బస్సు స్టీరింగుకు గంధం, కుంకుమ పెట్టే మనిషికి ఈసారి బస్సు లేదు. నేను కుట్టుమిషనుకు బొట్లు పెట్టి, వంటింట్లోకి పోయి వచ్చేసరికి, ఆటపిడికి గంధం పూసి, బంతిపూలు చుట్టి, కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటున్నాడు. నవ్వాలో తిట్టాలో తెలియక మళ్లీ వంటింట్లోకి పోయాను.

మరునాటి నుంచి మనిషి మారిపోయాడు. ఆట పెడతాడు, కాసేపు చూస్తాడు, ఆపేస్తాడు. ఏమైందంటే అటు తిరిగి పడుకుంటాడు. అన్నం సగంలో వదిలేసి లేస్తాడు. ఒకరోజు పెట్టెను గుడ్డలో మూటగట్టి అటక ఎక్కించబోతుంటే అడ్డం నిలబడి నిలదీశాను.

“నేనింక బండి తోలలేనుమే. ఆఫీసు పనే ఇమ్మని అడగతా,” అన్నాడు. “సెయ్యి వణకతా ఉండాది. ఎంత గట్టిగా పట్టుకొన్నా ఆ పలక నిలవడం లేదు. అంతమందిని కొండ మీదికి ఎట్ల తీసుకొని పోయేది?”

నాకు ఒళ్లు మండింది. మీసం కత్తిరించుకునేటప్పుడు వణకని చెయ్యి ఆట దగ్గర వణుకుతుందా? మూట లాక్కుని, పెట్టెను మా పాత డబ్బా టీవీకి తగిలించి, పిడి నేనే పట్టుకున్నాను. పలక వణికింది. కోపానికి నా చెయ్యి కూడా వణుకుతోందేమో అనుకుని, పిడిని చాప మీద పెట్టి చేతులు తీసేశాను. పలక అట్లాగే గిజగిజలాడుతోంది.

పిడి తల కింద సందులో చూస్తే తెల్లగా ఎండిన గంధం. నీళ్లు ఎక్కువ పోసి కలిపినట్టున్నాడు, లోపలికంతా కారింది.

“నీ సెయ్యి కాదయ్యా వణికేది. నువ్వు పూసిన గంధం,” అన్నాను.

ఆయన తెరను చూస్తూ అక్కడే కూలబడ్డాడు. ఇన్ని రోజులు లోలోపల కుమిలే బదులు నాతో ఒక్క మాట అంటే ఏం పోయేదని దులిపేశాను. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి, అందుకు ఇంకా కోపం వచ్చింది.

కుట్టుమిషను స్క్రూడ్రైవరుతో పిడి విప్పి, దూదిని స్పిరిట్‌లో ముంచి లోపలంతా తుడిచి, ఆరబెట్టి బిగించాను. ఇస్తే ఆయన తీసుకోలేదు, ముందు నన్నే పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. పలక కదలకుండా నిలిచింది. అది చూసి ఆయన ముఖంలో భయం ఇంకా పెరిగింది. నా చేతిలో నిలిచిన పలక ఆయన చేతిలో నిలవకపోతే, ఇక తప్పు మోపడానికి గంధం కూడా లేదు.

చేతులు లుంగీకి తుడుచుకుని పిడి అందుకున్నాడు. పలక నిలబడింది. మెల్లగా ఎడమకు తిప్పాడు. పలక మెల్లగా ఎడమకు పోయింది, దాంతో పాటు మనిషీ వాలాడు, బంతి తుర్రుమని పోయింది.

తిట్టడానికి నోరు తెరిచాను. ఆయన వాలినవాడు వాలినట్టే ఉన్నాడు, కళ్లు మాత్రం వణకకుండా నిలిచిన పలక మీద నుంచి తీయడం లేదు.

“పోతే పోనీ,” అన్నాను. “ఇంగో బంతి ఉండాది, తిప్పు.”