ఓడ దుబాయిలో ఆగే రోజు

జమ్మికుంట మార్కెట్ యార్డు ముందర పత్తి ట్రాలీల మధ్య బస్సు ఇరుక్కుపోయింది. ముందుకు పోదు, వెనక్కు రాదు. కండక్టరు దిగి గొంతు చించుకుంటున్నాడు గానీ ట్రాక్టరు డ్రైవర్లు వింటేగా! మమతారాణి కాసేపు ఓపిక పట్టి, ఇక లాభం లేదనుకుని, రెండు చేతుల్లో రెండు సంచులతో దిగి నడక మొదలుపెట్టింది. గాలి నిండా పత్తి నూగు. ముక్కుకు కొంగడ్డం పెట్టుకుందామంటే చేయి ఖాళీ లేదు. పొద్దున కరీంనగర్‌లో తిన్న రెండు ఇడ్లీలు ఎప్పుడో అరిగిపోయాయి.

సంచుల్లో ఉన్నది ఓడ ప్రయాణం. నవ్వకండి, నిజమే. సూట్‌కేసులకు కట్టే చీటీలు, కడుపులో తిప్పకుండా వేసుకునే మాత్రలు, మెడలో కార్డు వేలాడదీసుకునే తాళ్లు, ఏ రోజు ఏ రేవులో దిగాలో, మళ్లీ ఎన్నింటికి ఎక్కాలో అచ్చేసిన కాగితాలు. మొన్నటిదాకా కాశీకీ షిర్డీకీ బస్సులు నడిపిన ట్రావెల్ ఆఫీసు ఇప్పుడు కరీంనగర్ నడిబొడ్డున కూర్చుని సముద్రాన్ని అమ్ముతోంది. అక్కడ మమతారాణి జీతం పదహారు వేలు. తను సముద్రం చూసింది ఒక్కసారే, వైజాగ్‌లో, అదీ టూరు జనానికి టిఫిన్లు వడ్డిస్తూ. అయినా ఆమె వేసిన ప్రయాణానికి వంక పెట్టినవాడు లేడు.

ఇవ్వాళ మాత్రం కాళ్లు ముందుకు పడటం లేదు. సంచుల బరువు వల్ల కాదు. నాలుగు రోజులుగా కడుపులో దాచుకున్న సంగతి ఒకటుంది. ఇంకాసేపట్లో దాన్ని అందరి ముందూ తనే చదవాలి.

ప్రయాణం పరశురాములు సేటుది. జమ్మికుంటలో పత్తి మిల్లు ఆయనకు. భార్య జమున, కొడుకు అరుణ్, కోడలు దీపిక, తుంటి విరిగి చక్రాల కుర్చీకి పరిమితమైన తల్లి శంకరవ్వ. రేపు ముంబైకి పోయి, ఎల్లుండి అక్కడ ఓడెక్కుతారు. ఓడ ఎక్కే ఊరికి ఒకరోజు ముందే చేరాలని మమతారాణి అందరికీ చెప్పే మొదటి మాట. సేటు చెడ్డవాడేం కాదు. తల్లిని ఇంట్లో వదిలేసి మనం సముద్రం మీద తిరుగుదామా అని పట్టుబట్టి ఆమెను కూడా తీసుకుపోతున్నాడు. ఆమెను లేపడానికి, కూర్చోబెట్టడానికి, స్నానం చేయించడానికి ఒక ఆయా కావాలన్నాడు. పాస్‌పోర్టున్న ఆయా.

అట్లాంటి ఆయాలు ఈ చుట్టుపక్కల ఎంతమంది దొరుకుతారు? మమతారాణికి మాత్రం వెంటనే బాలలక్ష్మి తట్టింది.

బాలలక్ష్మి సిరిసిల్లలో మమతారాణి పుట్టిన వాడకట్టు మనిషి, గోడకు గోడ. మొగుడు రాయమల్లు మరమగ్గాల మీద పనిచేసేవాడు. పని పలచబడ్డాక ఏడేళ్ల కింద దుబాయి పోయాడు. అక్కడి కంపెనీ నెలల తరబడి జీతం ఎగ్గొడితే చెప్పకుండా బయటపడి ఇంకోచోట పనిలో చేరాడు. అట్లాంటి వాళ్లను మనవైపు కల్లివెల్లి అంటారు. పాస్‌పోర్టు పాత కంపెనీ దగ్గర ఉండిపోతుంది, మనిషి ఊరవతల ఏ షెడ్డులోనో తలదాచుకుంటాడు. దొరికితే జైలు. ఇంటికి రావాలంటే కట్టాల్సిన జరిమానా తలుచుకుంటేనే గుండె గుభేలుమంటుంది. కన్నతల్లి పోతే రాయమల్లు ఆమె ముఖం ఫోన్లోనే చూసుకున్నాడు. ఆ తల్లి పక్షవాతంతో మంచాన పడి ఉన్నన్నాళ్లూ చాకిరీ చేసింది బాలలక్ష్మే. మగ్గాలకు కండెలు చుట్టే చేతులకు అట్లా రోగుల సేవ అలవాటైంది. ఇప్పుడు కరీంనగర్ దవాఖానల్లో ఆయాగా పోతోంది, పన్నెండు గంటలకు నాలుగు వందలు. మస్కట్‌లో ఇంటిపనికి పోదామని ఎప్పుడో తీసుకున్న పాస్‌పోర్టు పెట్టె అడుగున పడి ఉంది.

సేటు ఎక్కే ఓడ దుబాయిలో ఒక పగలంతా ఆగుతుంది. అది చూసే మమతారాణి బాలలక్ష్మి పేరు చెప్పింది. సంగతి విన్న బాలలక్ష్మి పెట్టె అడుగునుంచి పాస్‌పోర్టు తీసి దుమ్ము దులిపింది. తర్వాత జీతం ఇవ్వకపోయినా సరే పోతానంది.

సేటు ఆవలించకముందే పేగులు లెక్కపెట్టే మనిషి. దుబాయిలో ఈమెకు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. ఓడ దిగినామె తిరిగి ఎక్కకపోతే ఆ తలనొప్పంతా తన నెత్తికి చుట్టుకుంటుందని ఆయన భయం. ఉన్నారంటే ఇంకో ఆయాను చూడమంటాడు. అందుకే మమతారాణి కళ్లార్పకుండా ఎవరూ లేరు సేటూ అంది. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు, ఒక్క అబద్ధంతో మొగుడూ పెళ్లాలను కలిపితే పాపమేముంది అనుకుంది.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఆ ఒక్క పగటికి ఎన్ని ఏర్పాట్లు చేసుకున్నారో! రేవు గేటు దగ్గర కాగితాలడుగుతారు గనక రాయమల్లు అక్కడికి రాకూడదు. ఓడవాళ్ల బస్సు ఊళ్లోకి తీసుకుపోయి ఒక పెద్ద దుకాణం ముందు దింపుతుంది, ఆ మెట్ల దగ్గర నిలబడాలి. ఒక పూట సెలవడిగితే సేటు కాదనడు. రాయమల్లు ఆ రోజు కూలి వదులుకుని పనికి రానని చెప్పుకున్నాడు. బాలలక్ష్మి సకినాలు చేసి, మిఠాయి దుకాణానికి పోయి గాలి చొరకుండా ప్యాకెట్లు సీలు వేయించింది. రెండు లుంగీలు, ఒక ఎర్ర తువ్వాల కొన్నది. ఆయన గుర్తుపడతాడో లేదోనని తలకు రంగు కూడా వేసుకుంది.

నాలుగు రోజుల కింద దీపిక ఫోన్ చేసింది. దుబాయిలో తామంతా ఆ ఎత్తు బిల్డింగు ఎక్కి, అక్కడినుంచి ఎడారికి పోతామనీ, తిరిగి వచ్చేసరికి పొద్దుపోతుందనీ, ఆ రోజంతా అవ్వా బాలలక్ష్మీ ఓడలోనే ఉండేటట్టు రాయమనీ చెప్పింది. అందులో తప్పు పట్టడానికి ఏముంది? ఆయాను తీసుకుపోతున్నదే అందుకాయె. మమతారాణి నోరు తెరిచింది. కుదరదు అంటే ఎందుకని అడుగుతారు. కారణం చెబితే అబద్ధం బయటపడుతుంది. బాలలక్ష్మి ప్రయాణమూ పోతుంది, ట్రావెల్ ఆఫీసు ఓనరు దేవదాస్ తన నౌకరీ ఊడగొట్టినా దిక్కులేదు. కుడితిలో పడ్డ ఎలుక పరిస్థితి. తెరిచిన నోటితోనే సరే మేడం అంది.

ఆ సంగతి బాలలక్ష్మికి చెప్పిందా అంటే, అదీ లేదు. ఆమె ఫోన్ చేసినప్పుడల్లా పనిలో ఉన్నానక్కా అని పెట్టేసింది. తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా పెట్టేసింది.

సేటు ఇంటి హాలు నిండా తెరిచిన సూట్‌కేసులు. శంకరవ్వ కుర్చీలో ఉంది. బాలలక్ష్మి కింద కూర్చుని ముసలామె పాదం ఒళ్లో పెట్టుకుని నువ్వుల నూనె రాస్తోంది. మమతారాణిని చూసి, ఇంకెవరికీ తెలియకుండా, కళ్లతో నవ్వింది. మమతారాణి తల తిప్పుకుని కాగితాలు బయటికి తీసింది.

చెప్పాల్సినవన్నీ చెప్పింది. బీపీ మాత్రలూ షుగరు మాత్రలూ చేతిసంచీలోనే పెట్టుకోవాలి, పెద్ద పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది. మొదటి రోజే ప్రాణరక్షణ జాకెట్ ఎట్లా తొడుక్కోవాలో నేర్పుతారు, దానికి ఎగనామం పెట్టడానికి లేదు. గడియారాలు ఓడ టైముకు దిద్దుకోవాలి. రేవులో దిగినవాళ్లు చెప్పిన వేళకు రాకపోతే ఓడ ఆగదు. నా కోసం కూడా ఆగదా అని సేటు పరాచికమాడాడు, అందరూ నవ్వారు. ఎవరి పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉండాలి, అన్నీ ఒక సంచీలో పెడితే ఆ సంచీ పోయిననాడు అందరూ వీధిన పడ్డట్టే.

తర్వాతి కాగితం దుబాయి. మమతారాణి గొంతు తగ్గింది. బిల్డింగు, భోజనం, ఎడారి. చివరన, "శంకరవ్వ, బాలలక్ష్మి ఓడలోనే విశ్రాంతి."

బాలలక్ష్మి చేతులు ఆగిపోయాయి. హాల్లో ఎవరూ గమనించలేదు. ముసలామె మాత్రం ఆగినవేందే అంది. చేతులు మళ్లీ కదిలాయి.

జమున చాయ్ పంపితే మమతారాణి గ్లాసు పట్టుకుని పెరట్లోకి పోయింది. కాసేపటికి బాలలక్ష్మి చేతుల నూనె కడుక్కునే మిషతో అక్కడికే వచ్చింది. తిడుతుందనుకుంది మమతారాణి. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

బాలలక్ష్మి నల్లా కట్టేసి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ మెల్లగా అడిగింది.

"చెల్లె, ఓడ మీదికెంచి ఒడ్డు కనవడ్తదా?"

"కనవడ్తది అక్కా."

"అయితే ఆయనను గా ఒడ్డుకాడికే వచ్చి నిలవడుమంట. ఎర్ర తువ్వాల ఊపుత. గంత మందిల నన్ను గుర్తువట్టాలె గదా."

రేవు గేటుకూ ఓడకూ మధ్య ఎన్ని గోదాములో, ఎన్ని కంచెలో మమతారాణికి తెలుసు. గేటు నుంచి చూస్తే ఓడ కనిపిస్తుంది, ఓడ మీది మనిషి కనిపించదు. కాగితాల్లేనివాడు అక్కడ నిలబడితే ముందు పోలీసుల కంట పడతాడు. ఇదంతా చెప్పలేక, చెప్పాల్సినదాంట్లో తేలికైనది చెప్పింది.

"నాకు నాలుగు దినాల కిందనే తెలుసక్కా. తెలిసే నీకు చెప్పలే."

బాలలక్ష్మి ఆమె ముఖంలోకి చూసింది.

"నువ్వేం జేస్తవు తీ. నీకు నౌకరి ఉండాలాయె," అని లోపలికి పోయింది.

ఆ మాటకు మమతారాణి నిలువునా చచ్చిపోయింది. చెంప మీద కొట్టినా అంత బాధ ఉండేది కాదు. దవాఖాన గదుల్లో ఎవరు ఏమన్నా, ఎంతసేపు నిలబెట్టినా, కూలి ఎంత కోసినా ఈ మనిషి ఇదే మాటతో సర్దుకుపోయిందని తెలుసు. తన దగ్గర కూడా అట్లాగే సర్దుకుపోయింది. తనూ ఆ కోసేవాళ్లలో ఒకతె అయింది. గ్లాసు గచ్చు మీద పెట్టి హాల్లోకి నడిచింది.

సేటు తోలు సంచీ తెరిచి పాస్‌పోర్టులన్నీ అందులో వేస్తున్నాడు. ఆడవాళ్లు ఎక్కడైనా పారేసుకుంటారని, అన్నీ తన దగ్గరుంటేనే తనకు నిమ్మళమని అంటున్నాడు. ఇప్పుడే కదా చెప్పింది అని అడగడానికి మమతారాణికి నోరు రాలేదు. వచ్చిన మాట వేరు.

"సేటూ, మీరడిగిన నాడు బాలక్కకు దుబాయిల ఎవలు లేరన్న. అబద్ధం చెప్పిన. ఆమె పెనిమిటి ఆడనే ఉన్నడు. కల్లివెల్లి. ఏడేండ్ల సంది ఇంటికి రాలే. ఒక్క పూట కలిసి మళ్ల ఓడెక్కుతదని తోలిస్తున్న. తప్పు నాది, ఆమెది కాదు."

దీపిక మడుస్తున్న చీర మడత పెట్టడం ఆపింది. సేటు ముఖం ఎర్రబడింది గానీ గొంతు పెంచలేదు. అన్నం పెట్టిన చేతినే మోసం చేస్తారా అన్నాడు. రేపొద్దున ప్రయాణమాయె, ఇప్పుడు ఇంకో ఆయాను ఎక్కడినుంచి తేవాలి అన్నాడు. దేవదాస్‌కు ఫోన్ చేసి నీ సంగతి తేలుస్తానన్నాడు. అన్నీ అన్నాక, లెక్క వేసుకుని ఒక నిర్ణయానికి వచ్చాడు. ఆయా రావాల్సిందే. కానీ ఓడ దిగడానికి వీల్లేదు. పాస్‌పోర్టు తన సంచీలో ఉంటే ఎట్లా దిగుతుందో తనూ చూస్తాడు.

"ఏడేండ్లానే?" అంది శంకరవ్వ, కిందికి వంగి బాలలక్ష్మిని చూస్తూ. ఆ ప్రశ్న ఇంకెవరి చెవికీ ఎక్కలేదు. బాలలక్ష్మి మాత్రం తలూపింది.

సేటు చెయ్యి చాపాడు.

"నీ పాస్‌పోర్టు గిటియ్యి."

బాలలక్ష్మి ముసలామె పాదాన్ని నెమ్మదిగా ఒళ్లోనుంచి దించి కుర్చీ మెట్టు మీద పెట్టింది. లేచి నిలబడింది. రొంటిన దోపుకున్న గుడ్డసంచీని పైనుంచి అరచేత్తో అదిమి పట్టుకుంది.

"ఎవలది వాళ్ల కాడనే ఉండాలని ఇప్పుడే సదివిండ్రు గద సేటూ. నాది నా కాడనే ఉంటది. ఇయ్య."

ఆ ఇంట్లో ఆ మాట ఇంతవరకు ఏ పనిమనిషీ అని ఉండదు. సేటు చాపిన చెయ్యి అట్లాగే ఉంది, దించితే ఏమవుతుందో తెలియనట్టు. ఆయన మమతారాణి వైపు తిరిగాడు.

"తోలుకొచ్చినదానివి నువ్వే. నువ్వే తీసియ్యి."

మమతారాణి బాలలక్ష్మి ముఖం చూసింది. ఈసారి తల తిప్పుకోలేదు. ఇంటి పక్కనున్న మిల్లులో పత్తి మిషన్లు మోగుతూనే ఉన్నాయి, సేటు చెయ్యి ఇంకా చాపే ఉంది. మమతారాణి నిలబడ్డచోటి నుంచి కదలలేదు.