గోడకెక్కిన దుప్పటి

బావగారు కొత్త ఇల్లు కట్టించినప్పుడు హాలు గోడ రెండంతస్తుల ఎత్తు వచ్చింది. ఆ గోడను చూసి మొదట మురిసిపోయిందీ ఆయనే, తర్వాత దిగులు పెట్టుకున్నదీ ఆయనే. ఎంత పెద్ద పటం తగిలించినా తపాలా బిళ్ల అంటించినట్టుండేది. ఆయనది టైల్స్ షోరూము. ఇళ్లు కట్టుకునేవాళ్లూ కట్టించేవాళ్లూ ఇంటికి వచ్చిపోతుంటారు. అలాంటివాళ్లలో ఎవరింట్లోనో ఆయన పాతకాలపు టేపెస్ట్రీ చూశారు. ఉన్ని, పట్టు దారాలతో మగ్గం మీదే బొమ్మలు నేసిన తెర, గోడ నిండా పరుచుకుని ఉందట. ఆ రోజు నుంచి ఆయనకు అదే ధ్యాస.

ఆయన తమ్ముడి భార్య, చిన్న మరదలు, పరదాలు కుట్టే దుకాణంలో పనిచేసేది. ఆమె, ఆమె భర్త ఆ ఇంట్లోనే పైన వెనక గదిలో ఉండేవాళ్లు. సొంతంగా ఇల్లు చూసుకునేదాకా ఉండండని బావగారే పిలిచారు. పిలిచి పెట్టుకున్న మనిషి మాట కాదనలేని మొహమాటం వాళ్లిద్దరిదీ. అందుకే ఒక ఆదివారం పొద్దున ఆయన, "అమ్మాయ్, గుడ్డ సంగతి నీకు తెలుస్తుంది కదా, ఒకచోటికి వెళ్లొద్దాం రా" అంటే, ఎక్కడికని కూడా అడక్కుండా చెప్పులేసుకుంది.

వెళ్లింది చనిపోయిన ఒక ముసలావిడ ఇంటికి. తలుపు తీసింది ఆవిడ మేనల్లుడు. ఇస్త్రీ నలగని చొక్కా వేసుకుని, రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకునే మాట్లాడాడు. గుమ్మం వెనక బిల్లులూ ప్రకటన కాగితాలూ కుప్పపడి ఉంటే కాలితో పక్కకి నెట్టాడు. లైటు స్విచ్ కోసం గోడంతా తడిమి, దొరక్క ఫోను లైటు వేశాడు.

ముందుగదిలో రెండు తెరలు వేలాడుతున్నాయి. చిమ్మటలు తినేసి రెండూ జల్లెడలయ్యాయి. బావగారి ముఖం వాడిపోయింది.

"లోపల ఇంకోటుంది, మంచం మీద" అన్నాడు మేనల్లుడు.

పడకగదిలో గాలి లేదు. మంచం పక్కన మరుగుదొడ్డికి బదులు వాడిన మూతలేని బకెట్టు, దగ్గుబిళ్లల కాగితాలు, తీగ తెగిన హీటరు. మంచం మీద ఆ తెర దుప్పటిలా పరిచి ఉంది. ఏటి ఒడ్డున నీళ్లు తాగే జింకలు, పళ్లు కోస్తున్న ఆడవాళ్లు. ఒక ఆకు పచ్చ ఇంకో ఆకుకి లేదు. అంత చక్కటి నేత ఆమె ఎన్నడూ చూడలేదు. అంచు పట్టుకుని చూద్దామని వంగి, చెయ్యి వెనక్కి లాక్కుంది. తెర మధ్యలో ఒక మనిషి ముడుచుకుని పడుకున్నంత మేర గుంట పడి ఉంది. కింది మూలన జింకపిల్ల కాళ్ల దగ్గర పెద్ద మరక. నడుమ నల్లగా, అంచుల్లో పసుపుగా, అట్టకట్టి ఉంది. అందులోంచి వచ్చే వాసనలో ఎక్కడో తీపి ఉంది. ఆ తీపికే ఆమె ముక్కు మూసుకుంది.

"చలికి అత్త ఇదే కప్పుకునేది. ఇందులోనే పోయింది. గుండె ఆగిందన్నారు" అన్నాడతను.

"ఎప్పుడు పోయారండీ?" అని అడిగింది.

"ఎప్పుడంటే... కిందింటివాళ్లు వాసనొస్తోందని ఫోన్ చేస్తే తెలిసింది."

కుళాయి కారుతోందని చెప్పినట్టు చెప్పాడు. బావగారు ఆ మాట చెవిన వేసుకోలేదు. ఫోను లైటు పట్టుకుని జింకల కళ్లు ఒక్కొక్కటీ చూస్తున్నారు.

"బావగారూ, ఇది వద్దండీ" అంది మెల్లగా. "మనిషి పోయిన గుడ్డండీ."

"పాత వస్తువన్నాక ఎవరో ఒకరు పోకుండా మన దాకా ఎలా వస్తుందమ్మా? గోడకేస్తాం కానీ ఒంటికి కప్పుకుంటామా?" అన్నారాయన. "నువ్వా పక్క పట్టుకో, చుడదాం."

ఆమె పట్టుకుంది. దారి పొడుగునా కారు వెనక సీటులో ఆ చుట్ట పక్కనే కూర్చుని, కిటికీలోంచి ముఖం బయటపెట్టి వచ్చింది.

శుభ్రం చేసే పని కూడా ఆమెకే పడింది. తడి తగిలితే రంగులు కారతాయి కాబట్టి మేడమీద నీడలో పరిచి, పైన వల గుడ్డ వేసి, మెత్తటి బ్రష్షుతో దుమ్ము లాగడం మొదలుపెట్టింది. దుమ్ము అయిపోయాక తెల్లవెంట్రుకలు బయటపడ్డాయి. పొడుగ్గా, సన్నగా, నేతలోకి దూరిపోయి ఉన్నాయి. పట్టకారుతో ఒక్కొక్కటే లాగింది. లాగుతుంటే బిస్కెట్ పొడి, గోరుముక్క, సగం చప్పరించిన దగ్గుబిళ్ల, దానికంటుకున్న ఉన్ని. వెంట్రుకలను చెత్తబుట్టలో వెయ్యడానికి మనసొప్పలేదు. కాగితంలో చుట్టి మేడమీది పూలకుండీ మట్టిలో పెట్టింది. మరక దగ్గరకొచ్చేసరికి చేతి తొడుగులున్నా ఒళ్లు జలదరించింది. గీరితే పెచ్చులూడుతున్నాయి, కింద ఇంకా జిగురుగా ఉంది. ఆ మూల వదిలేసి వెళ్లి మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంది. ఆ పూట ముద్ద నోటి దాకా వచ్చి మళ్లీ కంచంలోకే పోయింది.

"ఏంటే, వేవిళ్లా?" అంది తోటికోడలు, బావగారి భార్య, నవ్వుతూ.

"కాదక్కా. ఆ తెర."

అక్క నవ్వు ఆగిపోయింది. కంచం తీసేసింది.

వెనక అస్తరు కుట్టి, పైన గొట్టం దూరేలా పట్టీ వేసి ఇచ్చాక తెర గోడకెక్కింది. సెంటు కొట్టించారు. మరక కనబడకుండా ఎత్తు కుండీ ఒకటి అడ్డం పెట్టించారు. నిజం చెప్పాలంటే గోడ వెలిగిపోయింది. ఆమె మాత్రం హాలు దాటాల్సి వచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టి దాటేది.

"మరీ విడ్డూరం చెయ్యకు. మనకెందుకు?" అన్నాడు భర్త.

వారం తిరక్కుండా బావగారు షోరూము పెద్ద ఖాతాదారులను సాయంత్రం విందుకి పిలిచారు. వాళ్లలో బిల్డరు భార్య ఒకావిడ. వస్తూనే తెర ముందు నిలబడిపోయింది. అరచేత్తో నిమిరింది. "ఎంత మెత్తగా ఉందో" అంటూ దానికి చెంప ఆనించి కళ్లు మూసుకుంది.

పళ్లెంతో వస్తున్న చిన్న మరదలికి ఆ చెంప ఎక్కడ ఆనిందో తెలుసు. తెల్లవెంట్రుకలు దట్టంగా తీసిన చోటు అది.

"అక్కడ ముఖం పెట్టకండి" అంది. అందరూ తిరిగి చూశారు. ఇక ఆగడం చేతకాలేదు. "ఒకావిడ అది కప్పుకుని చనిపోయింది. చాలా రోజులు అందులోనే ఉండిపోయింది. కింద మరక ఇంకా ఉంది."

బావగారి ముఖంలో నెత్తురుచుక్క లేదు. భర్త నేల చూస్తున్నాడు. బిల్డరు భార్య చెంప తుడుచుకుంటుందని, బయటికి పరిగెడుతుందని చిన్న మరదలు అనుకుంది.

ఆవిడ కళ్లు పెద్దవి చేసింది. "నిజంగానా? ఏదీ, ఎక్కడ?"

ఇద్దరు మగవాళ్లు కుండీ పక్కకి జరిపారు. అంతా మూగారు. ఫోన్లు వెలిగాయి. ఒకాయన మోకాళ్ల మీద కూర్చుని మరకని గోటితో గీకి వాసన చూశాడు. "అబ్బ, ఇంకా తెలుస్తోంది" అని పక్కవాడికి వేలు చాపాడు. వాడూ చూశాడు. ఆడవాళ్లు ముక్కులు మూసుకుంటూనే దగ్గరకు జరిగారు. బావగారు అందరి ముఖాలూ ఒకసారి కలియజూశారు. ఆయన రంగు మెల్లగా తిరిగొచ్చింది.

"పెద్ద వంశం ఆవిడది" అని మొదలుపెట్టారు. "కప్పుకోడానికి దుప్పట్లు లేక కాదు. ఇది తప్ప ఇంకోటి ముట్టేది కాదట."

చిన్న మరదలు పళ్లెం అక్కడే పెట్టి వెళ్లి వాష్‌బేసిన్ పట్టుకుంది. కడుపులో ఉన్నదంతా బయటికొచ్చాక కూడా డోకు ఆగలేదు.

మర్నాటికి కుండీ హాల్లోంచి వెళ్లిపోయింది. మరక మీద పడేలా చిన్న దీపం బిగించారు. వచ్చినవాళ్లందరికీ బావగారు ఆ కథ చెప్పేవారు. చెప్పినప్పుడల్లా ముసలావిడ ఇంకాస్త అందగత్తె అయ్యేది, ఇంకాస్త ధనవంతురాలయ్యేది. మధ్యలో కేకేసేవారు: "అమ్మాయ్, ఇలా రా, నువ్వు కళ్లారా చూశావు కదా, చెప్పు." ఆమె తడి చేతులు చూపించి వంటింట్లోకి తప్పుకునేది.

"నాకూ కంపరమేనే" అంది అక్క ఒకరోజు, గిన్నెల వైపు చూస్తూ. "ఆ దీపం వెలిగితే నేను హాల్లో కూర్చోను. కానీ ఎవరితో చెప్పుకోను?"

అలా ఉండగా బావగారు ఆ మేనల్లుణ్ణే విందుకి పిలిచారు. అతను తెరను చూసి, ఇంకెవరిదో అన్నట్టు తల పంకించాడు. కడుపునిండా తిన్నాడు. తిన్నాక అతిథుల మధ్య కాలు మీద కాలేసుకుని చెప్పాడు:

"అత్తకి నేనంటే ప్రాణం. చివరి క్షణంలో చెయ్యి నా చేతిలోనే ఉంది. ఈ తెర నువ్వే ఉంచుకోరా అంది. నేనేమో నలుగురూ చూడాలని వీళ్లకిచ్చాను."

బిల్డరు భార్య కళ్లొత్తుకుంది.

"ఏ చెయ్యండీ?" అని వంటింటి గుమ్మంలోంచి వినిపించింది. చిన్న మరదలి గొంతు ఏమాత్రం పెరగలేదు. "ఆ ఇంట్లో లైటు ఎక్కడుందో కూడా మీకు తెలియలేదు. వాసనొస్తోందని కిందింటివాళ్లు ఫోన్ చేస్తే తెలిసిందని మీరే కదా చెప్పారు. బకెట్టు అంచుల దాకా నిండి ఉంది. హీటరు తీగ తెగి ఉంది. ఆవిడ చలికి గోడమీది తెర లాక్కుని కప్పుకుంది. వంశం గొప్పతనానికి కాదు."

మేనల్లుడు రుమాలు తీసి మూతి తుడుచుకున్నాడు. చిరునవ్వు చెరగలేదు. "చిన్నపిల్ల, భయపడినట్టుంది" అన్నాడు.

"అవునవును" అన్నారు బావగారు. "అమ్మాయ్, నువ్వెళ్లి కాఫీలు చూడు."

అతిథులు కప్పుల కోసం చేతులు చాపారు. ఎవరో హీటరు సంగతి కూడా బాగుందని, దాన్ని కూడా తెచ్చి పక్కన పెడితే ఇంకా బాగుంటుందని అన్నారు.

ఆమె వంటింట్లో గోడకానుకుని నిలబడింది. కాసేపటికి భర్త వచ్చాడు. చేతిలో సగం తిన్న కంచం ఉంది. దాన్ని గట్టు మీద పెట్టి, చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాడు.

"నా పెద్ద సంచీ ఎక్కడ పెట్టావు?" అన్నాడు.

ఆమె చెప్పింది. ఇద్దరూ పైకి వెళ్లి సామాను సర్దుకున్నారు. బావగారికి కోపం రాలేదు. తర్వాతి విందుకి ముందు రోజే వెళ్లిపోతున్నారే అని మాత్రం కాస్త నొచ్చుకున్నారు.

సైకిళ్లు బాగుచేసే కొట్టు పైన రెండు గదులు దొరికాయి. పొద్దున్నుంచీ సుత్తి చప్పుడు, గ్రీజు వాసన. ఆ వాసన ఆమెకు ఒక్కరోజు కూడా కడుపులో తిప్పలేదు. గోడలకు సున్నం వేయించుకుని అలాగే ఉంచుకున్నారు.

చలికాలం వెళ్లేటప్పుడు ఒక మధ్యాహ్నం అక్క వచ్చింది. చేతిసంచీ ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.

"తెర ఎలా ఉందక్కా?" అని అడిగింది చిన్న మరదలు, అడగాలి కాబట్టి.

"ఇప్పుడెవరూ పెద్దగా అడగట్లేదే. చూసినవాళ్లే చూస్తున్నారు. మీ బావగారికి విసుగొచ్చేసింది" అంది అక్క. కాసేపు సంచీ పట్టీ వేలికి చుట్టుకుంది. "షోరూము వెనక వీధిలో ఒక ముసలాయనున్నాడు. ఆయన దగ్గర పాత గోడగడియారాలున్నాయట. ఆయనకి ఒంట్లో బాగాలేదు. మీ బావగారు రోజూ పొద్దున్నే ఫోన్ చేసి ఎలా ఉందని కనుక్కుంటున్నారు. పళ్లు కూడా పంపిస్తున్నారు. నిన్న ఆయన కాస్త తేరుకున్నాడని తెలిసి, పొద్దంతా ముఖం ముడుచుకునే ఉన్నారు."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. కింద ఎవరో టైరుకి గాలి కొడుతున్నారు.

"రెండ్రోజులు ఇక్కడ ఉండనా?" అంది అక్క.

చిన్న మరదలు లేచి ఆమె ఒళ్లోంచి సంచీ తీసుకుని లోపలి గదిలో పెట్టింది.