పిడుగు కట్టిన ఇల్లు

మా పిడుగు ఇల్లు తలకిందులుగా కట్టిందట. ఆ మాట బడిలో పెద్ద మేడమ్ ఎంత మెల్లిగా చెప్పిందంటే, ఎవరో పోయిన కబురు చెబుతోందేమో అనుకున్నాను.

పిడుగంటే నా మనవరాలు, నా కొడుకు కూతురు. పేరుకే పిడుగు. నోట్లోంచి మాట రావాలంటే ముందు ఎదుటి మనిషి దానికి నచ్చాలి. బడిలో చిన్న తరగతి అయిపోయింది. పై తరగతికి పంపాలా వద్దా అని తేల్చడానికి ఒక పరీక్ష పెట్టారు. కొడుకూ కోడలూ ఉద్యోగాలకి పోయారు కాబట్టి నేనే తీసుకెళ్ళాను. పిల్ల బెదరకుండా ఇంట్లో పెద్దవాళ్ళొకరు ఎదురుగా కూర్చోవచ్చు గానీ, పెదవి విప్పకూడదని ముందే చెప్పారు. నన్ను పెదవి విప్పొద్దనడం కంటే నా కుట్టు మిషనుని చప్పుడు చెయ్యొద్దనడం తేలిక. అయినా మనవరాలి కోసం నోరు కట్టేసుకుని కూర్చున్నాను.

బల్ల మీద నున్నటి తెల్ల పలక పడుకోబెట్టి ఉంది. పక్కన వినైల్ ముక్కలు. చదరాలు, త్రికోణాలు, గుండ్రాలు, సన్నటి పట్టీలు. మెత్తగా, రంగురంగులుగా ఉంటాయి. జిగురు అక్కర్లేదు. నున్నటి దేని మీదైనా పెట్టి వేలితో అదిమితే అంటుకుంటాయి, పీకితే మరక లేకుండా వచ్చేస్తాయి, మళ్ళీ ఇంకో బొమ్మలో పనికొస్తాయి. మా ఇంట్లోనూ అలాంటి పెట్టె ఉంది కాబట్టి వాటిని చూడగానే పిడుగు ముఖం విప్పారింది.

"ఇల్లు చెయ్యమ్మా" అంది, దాని వీపు వెనకే నిలబడ్డ చిన్న టీచరు.

పిడుగు ఒక చదరం తీసి, నోటి దగ్గర పెట్టుకుని "హా" అని ఊదింది. ఆవిరి తగిలితే గట్టిగా అంటుకుంటుందని దాని సొంత శాస్త్రం. పలక మీద చదరం పెట్టింది, దానికి త్రికోణం చేర్చింది. నా రెండు కళ్ళతో చూశాను. కింద చదరం, పైన త్రికోణం, చక్కటి ఇల్లు.

పెద్ద మేడమ్ గదిలో ఆ సంగతే చెప్పాను.

"నేను ఎదురుగానే ఉన్నానండి. కప్పు పైనే పెట్టింది."

"ఫోటో ఉందండీ" అంటూ ఆవిడ టాబ్ నా ముందు పెట్టింది. అందులో త్రికోణం కింద ఉంది, చదరం దాని నెత్తిన కూర్చుని ఉంది. టాబ్‌ని తిప్పి చూశాను. నేను తిప్పేసరికి బొమ్మ కూడా గిర్రున తిరిగి మళ్ళీ తలకిందులైంది. ఇంకోసారి తిప్పాను, ఇంకోసారి తిరిగింది. ఆ టాబ్ కూడా వాళ్ళ పార్టీయే.

"పైనా కిందా తేడా ఇంకా తెలియట్లేదండి. ఇంకో ఏడాది ఇదే తరగతిలో ఉంచితే కుదురుకుంటుంది. మీకు అంత అనుమానంగా ఉంటే సోమవారం మళ్ళీ చూద్దాం" అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దాని జట్టు పిల్లలంతా పై గదిలోకి పోతే, ఇది మాత్రం మళ్ళీ పాలసీసాల వాళ్ళ మధ్య కూర్చోవాలి. అడిగినవాళ్ళకి ఏమని చెప్పుకుంటుంది? దారి పొడుగునా నేను సణుగుతూనే ఉన్నాను. పిడుగు నా చెయ్యి పట్టుకుని, "నానమ్మా, ఇల్లు బాలేదా?" అని అడిగింది. బాగుందని చెప్పాను. నమ్మలేదు.

సాయంత్రం ఇంట్లో ఎవరి ముఖం చూసినా ఉప్పు లేని కూరలా ఉంది. మావాడు టీవీ పెట్టి చూడకుండా కూర్చున్నాడు. కోడలు చీపురు కూడా పట్టకుండా ఆఫీసు బట్టల్లోనే పిడుగుని పక్కన కూర్చోబెట్టుకుని పెట్టె తెరిచింది. కోడలు చెడ్డది కాదు. చిన్నప్పుడు తననీ ఒక ఏడాది వెనక కూర్చోబెట్టారట. ఆ ముల్లు ఇంకా దిగలేదు.

"పైన ఏముంటుంది? త్రికోణం. కింద? చదరం. ఏదీ, పెట్టు."

"అమ్మా, నువ్వు ఇటెందుకు కూర్చున్నావు? అటు కూర్చో" అంది పిడుగు.

"మాట మార్చకు. త్రికోణం ఎక్కడ?"

పిడుగు ఎదుటి ఖాళీ వైపు చూస్తూ పెట్టింది, కోడలు తీయించింది, మళ్ళీ పెట్టింది, మళ్ళీ తీయించింది. చివరికి పిడుగు చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని బిగుసుకుపోయింది. కోడలు పెట్టెని బీరువా పైన పెట్టేసి, ఇక నుంచి ప్రాక్టీసుకి తప్ప దించేది లేదంది.

నేను దర్జీ పని చేస్తాను. ముందు గదిలో కత్తిరింపుల బల్ల ఉంది. గుడ్డ ఎక్కడా తట్టుకోకుండా పైన అద్దం వేయించాను. నేను ఒక వైపు కత్తెర పట్టుకుంటే, పిడుగు ఎత్తు స్టూలు మీద అవతలి వైపు కూర్చుని ఆ అద్దం మీదే బొమ్మలు అంటిస్తుంది. అది మాటలు నేర్చిన నాటి నుంచీ మా ఇద్దరి కాపురం అలాగే. మర్నాడు పొద్దున కోడలు స్నానానికి వెళ్ళగానే నేను కుర్చీ వేసుకుని బీరువా మీది పెట్టె దించాను. దొంగతనమంటే అననివ్వండి, నా ఇంట్లో నా మనవరాలి బొమ్మలు.

పిడుగు కాసేపు బెట్టు చేసింది. తర్వాత గుండ్రం ఊదింది, రెండు చిన్న త్రికోణాలు చెవులుగా పెట్టింది, పట్టీలతో మీసాలు దిద్దింది.

"పిల్లి" అన్నాను.

"ఊ" అంది గర్వంగా.

అప్పుడే నా చేతిలో సుద్దముక్క జారి దాని స్టూలు కిందికి దొర్లింది. చుట్టూ తిరిగి వెళ్ళి, వంగి తీసుకుని, లేస్తూ దాని భుజం మీదుగా బల్ల వైపు చూశాను. పిల్లి చెవులు కిందికి, గడ్డం పైకి. తలకిందులుగా ఉంది.

"ఇదేంటే, నీ వైపు నుంచి తిరగబడి ఉందిగా?"

పిడుగు నన్ను వింతగా చూసింది. "నీకు కదా నానమ్మా పెట్టింది. అది పిల్లి అని నాకు ముందే తెలుసుగా."

బడిలో నేను ఎదురుగా కూర్చున్నాను. ఇల్లు నాకు కట్టింది. టీచరు దాని వెనక నిలబడి ఫోటో తీసింది. ఇంతే సంగతి. ఎదుటి మనిషికి నిలువుగా కనబడాలని తను తలకిందులుగా కట్టే పిల్లని పట్టుకుని, పైనా కిందా తెలియదన్నారు. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఆ తర్వాత మాత్రం పట్టరాని కోపం వచ్చింది.

తడి జుట్టుతో ఉన్న కోడల్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి నా కుర్చీలో కూర్చోబెట్టాను.

"అమ్మకి ఒక ఇల్లు కట్టవే" అన్నాను.

కట్టింది. కోడలు ఇటు నుంచి చూసింది, లేచి వెళ్ళి అటు నుంచి చూసింది. పిడుగు నెత్తి మీద చెయ్యి వేసి అలా నిలబడిపోయింది. నా వైపు తిరిగి అంది, "అత్తయ్యా, ఇప్పుడు తెలిసిందిగా. సోమవారం ఒక్కరోజుకి తన వైపు పెట్టుకోమని చెబుదాం. గండం గడిచిపోతుంది."

"చెప్పను. నువ్వూ చెప్పకు."

"ఏడాది పోతుందత్తయ్యా."

"ఏడాది పోతే వస్తుందమ్మాయ్. ఈ బుద్ధి పోతే ఎక్కడ తెస్తావు? నీకూ నాకూ ఈ వయసుకి కూడా రాలేదది."

మావాడు షర్టు గుండీలు పెట్టుకుంటూ వచ్చి, "అమ్మా, ఒక్క త్రికోణం కోసం యుద్ధం చేస్తావా?" అన్నాడు.

"చేస్తాను. నువ్వు చెయ్యకపోతే దారికి అడ్డు తప్పుకో."

తప్పుకున్నాడు పాపం. కోడలు జుట్టు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. పెట్టెని తిరిగి బీరువా మీద పెట్టలేదు.

సోమవారం కోడలు సెలవు పెట్టి మాతో వచ్చింది. అదే గది, అదే బల్ల. ఈసారి పెద్ద మేడమ్ స్వయంగా బల్లకి ఒక పక్కన కూర్చుంది, కోడలు ఇంకో పక్కన. నేను ఎదురుగా. చిన్న టీచరు ఎప్పట్లాగే టాబ్ పట్టుకుని పిడుగు వెనక. మొదలుపెట్టక ముందే నేను జరిగింది పూసగుచ్చినట్టు చెప్పాను. పెద్ద మేడమ్ విన్నది, తల ఊపింది.

"మీ అభిమానం నాకు అర్థమైందండీ. కానీ పద్ధతి అందరికీ ఒకటే. ఎవరి బొమ్మ వాళ్ళ వైపు నుంచే చూస్తాం." తర్వాత పిడుగు వైపు తిరిగింది. "ఇల్లు చెయ్యి తల్లీ."

"ఎవరికి?" అంది పిడుగు.

"ఎవరికీ కాదు. ఊరికే చెయ్యి."

ఎవరికీ కాని ఇల్లు ఎలా కట్టాలో దానికి తెలియలేదు. నన్ను చూసింది, వాళ్ళమ్మని చూసింది, మేడమ్‌ని చూసింది. కోడలు చేతులు ఒళ్ళో నలుపుకుంటోంది. ఒక్క కనుసైగ చేస్తే చాలు, పిల్ల అందుకుంటుంది. చెయ్యలేదు.

పిడుగు చదరం ఊది పలక నడుమ పెట్టింది. తన దగ్గరగా ఒక త్రికోణం అంటించి "నానమ్మకి" అంది. పరీక్ష పోయిందనుకున్నాను, అయినా మురిసిపోయాను. తర్వాత మేడమ్ పక్కన ఒకటి అంటించింది. "ఇది అమ్మకి." వాళ్ళమ్మ పక్కన ఇంకొకటి. "ఇది మేడమ్‌కి." నేను చూస్తే కప్పు పైన ఉంది. కోడలు చూస్తే పైన ఉంది. పెద్ద మేడమ్ చూసినా పైనే ఉంది. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకోవడం నేను గమనించకపోలేదు.

"మేడమ్, ఇటు నుంచి పైన కప్పు లేదండి" అంది చిన్న టీచరు బెరుకుగా.

పెద్ద మేడమ్ నోరు తెరిచేలోగా కోడలు లేచి నిలబడింది. ఆ మనిషి గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకూ తెలియదు.

"లేకపోతే పోనివ్వండి. మీకు కావాలంటే దీన్ని ఇంకో ఏడాది ఇక్కడే కూర్చోబెట్టండి, నేనే రోజూ దింపి వెళ్తాను. కానీ పైనా కిందా తెలియదని మాత్రం ఇంకొక్కసారి అన్నారంటే ఊరుకోను. ఇది వెనకబడ్డ పిల్ల కాదు. ఇల్లు తిప్పి కట్టమని దీనికి ఎవరూ చెప్పకూడదు."

పిడుగుకి ఈ గొడవంతా పట్టలేదు. దానికి వినబడింది ఒక్కటే మాట, వెనక ఉన్నావిడకి కప్పు కనిపించట్లేదని. పెట్టెలో వెతికి ఇంకో త్రికోణం తీసింది, "హా" అని ఊదింది, లేచి వంగి నా దగ్గరగా ఉన్న అంచుకి అంటించింది.

"ఇది టీచరుకి. నువ్వు వెనక ఉన్నావు కదా, మర్చిపోయాను" అంది వెనక్కి తిరిగి.

వాళ్ళు అడిగిన కప్పు అదే. పిల్ల వైపు నుంచి చూస్తే సరిగ్గా పైన. పెద్ద మేడమ్ కుర్చీలోంచి లేచింది. బల్ల చుట్టూ నడిచింది, నా వెనక ఒకసారి ఆగింది, కోడలి పక్కన ఒకసారి ఆగింది. చివరికి పిడుగు స్టూలు దగ్గర వంగి, "మరి నీ కప్పు ఏదమ్మా?" అని అడిగింది.

"నాకెందుకు? ఇల్లని నాకు తెలుసుగా" అంది పిడుగు.

ఆవిడ నా వైపు చూడకుండానే, "పై తరగతిలో కూర్చుంటుందండీ" అంది. కోడలు అప్పుడు కూర్చుంది.

చిన్న టీచరు టాబ్ పైకెత్తి, దించి, మళ్ళీ ఎత్తింది. "ఫోటో ఏ వైపు నుంచి తియ్యమంటారు మేడమ్?"

పెద్ద మేడమ్ బల్ల నాలుగు వైపులా చూసింది. నన్ను పెదవి విప్పొద్దన్నది ఆవిడే కాబట్టి ఒక్క క్షణం ఆగాను. అంతకు మించి నా వల్ల కాలేదు.

"నీ ఇష్టం వచ్చిన వైపు నుంచి తీసుకోమ్మా. ఈసారి ఆ టాబ్ ఎటు తిప్పుకున్నా మాకు భయం లేదు."